ఎచిగో హిమసీమ: అచటి ఋతువులు, అచటి మగ్గములు

దేశచరిత్ర మనగా రాజుల వంశావళియు యుద్ధముల తేదీలును మాత్రమే యని మనము చిన్ననాట నేర్చుకొంటిమి. ఒక సీమలోని ప్రజలు చలికాలమున నేమి తినిరి, ఎట్టి వెలుతురున పని చేసిరి, ఏ బట్ట నేసి యే బట్ట కట్టిరి యను సంగతులు ఆ గ్రంథములలో కానరావు. కాని యొక జాతి స్వభావమును తెలిసికొనుటకు సింహాసనము కంటె పొయ్యియు, ఖడ్గము కంటె మగ్గమును ఎక్కువ తోడ్పడును. జపాను దేశమున నొక మారుమూల సీమ తన దినదిన జీవనమును తానే వ్రాసికొని మనకు మిగిల్చినది. ఆ సీమ పేరు ఎచిగో. నేటి నీగాతా మండలములో అధికభాగ మదియే.

ఎచిగోసీమకు పడమటను ఉత్తరమునను జపాను సముద్రము. తూర్పునను దక్షిణమునను మికుని మొదలైన పర్వతపంక్తులు. శీతకాలమున సైబీరియా మైదానములనుండి బయలుదేఱిన పొడిగాలి, తనకంటె వెచ్చనిదైన యీ సముద్రమును దాటుచు దారి పొడవునను నీటియావిరిని త్రాగును. ఎదుట పర్వతములడ్డగింపగా పైకెగసి చల్లబడి, ఆ నీటినంతయు మంచుగా విడిచిపెట్టును. పర్వతముల కావలిప్రక్కనున్న తోక్యో మైదానమున నిర్మలాకాశము, ఎండ. ఈవలిప్రక్క రాత్రింబవళ్లు మంచువాన. ఇది ధ్రువములకు చేరువనున్న దేశము కాదు. అయినను ప్రపంచమున జనులు దట్టముగా కాపురముండు ప్రదేశములలో నింతటి మంచు కురియునవి బహు కొద్ది. 1945వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో తకాదా పట్టణమున నేలమీద 377 సెంటీమీటర్ల మంచు పేరుకొన్నది. అనగా ఇద్దఱు మనుష్యులు ఒకరి భుజములపై నొకరు నిలిచినను దానిలో మునిగిపోవుదురు.

ఈ సీమలోని షియొజావా యను మజిలీ యూరిలో 1770వ సంవత్సరమున సుజుకి బొకుషి యను వర్తకుడు పుట్టెను. అతని కుటుంబమువారు బట్టల వ్యాపారమును, కుదువ వ్యాపారమును చేయుచుండిరి. పందొమ్మిదవ యేట నతడు బట్టలమ్ముటకై రాజధానియైన ఎదో నగరమునకు పోయెను. అదియే నేటి తోక్యో. అచటివారికి తన సీమలోని మంచును గూర్చి యేమియు తెలియకపోవుట చూచి యతడు విస్మయపడెను. నగరవాసులకు మంచన వేడుక: నాలుగు రేకులు రాలినచో పానగోష్ఠి, పాట, పద్యము. తన యూరివారికో, ఆఱునెలల చెఱ. ఈ భేదమును లోకమునకు తెలుపవలెనని యతడు సంకల్పించుకొనెను.

సంకల్పము నెఱవేఱుటకు సుమారు 40 ఏండ్లు పట్టినది. పల్లెటూరి వర్తకుని గ్రంథమును ముద్రించుటకు నగరమందలి ప్రకాశకులు తొందరపడలేదు. బొకుషి యొక చిత్రకారు నాశ్రయించెను, అతడు మరణించెను. మఱియొక చిత్రకారు నాశ్రయించెను, అతడును మరణించెను. ఆకాలమున మిక్కిలి పేరుపొందిన నవలారచయిత బకిన్ ఆ వ్రాతప్రతిని చిరకాలము తనయొద్దనే యుంచుకొని, పని సాగింపనులేదు, తిరిగి యీయనులేదు. తుదకు సాంతో క్యోజన్ అను రచయిత పూనుకొనగా 1837లో ‘హొకుఎత్సు సెప్పు’ యను పేర ప్రథమభాగము వెలువడెను. అప్పటికి బొకుషికి 67 ఏండ్లు. ద్వితీయభాగము వెలువడిన పిమ్మట, 1842లో నతడు కాలధర్మము నొందెను. ఒక మనుష్యుడు తన యూరి చలికాలమును గూర్చి చెప్పుటకు జీవితమంతయు వేచియుండుట సామాన్యము కాదు. ఆ గ్రంథమున కవిత్వము కంటె కొలతలెక్కువ. పొగడ్త కంటె పనిముట్ల వర్ణన యెక్కువ. అందుచేతనే యది నేటికిని చరిత్రకు సాక్ష్యముగా నిలిచినది.

ఆ గ్రంథమునుబట్టి యచటి సంవత్సరమును చూతము. పూర్వపు చాంద్రమానము ప్రకారము తొమ్మిదవ పదవ మాసములలో తొలిమంచు రాలును. మఱుసటి సంవత్సరము మూడవ నాల్గవ మాసములకు గాని నేల బయటపడదు. మంచు కనబడని నెలలు ఏటికి నాలుగు మాత్రమే. కావున శరత్తు రాగానే యూరంతయు కోటను ముట్టడికి సిద్ధపఱచినట్లు పనిలో దిగును. ఇంటి దూలములకు పోట్లు పెట్టుదురు. తోటలోని చెట్లకొమ్మలను త్రాళ్లతో ఎగగట్టుదురు. బావిమీద పందిరి వేయుదురు. కిటికీలకు గడ్డితడికలు కట్టుదురు. ముల్లంగియు ఆకుకూరలును ఉప్పులో ఊరవేయుదురు. పట్టణములలో నైతే ప్రతి యింటివారును వీథివైపు చూరును ముందునకు చాచి స్తంభములు నిలుపుదురు. వాని క్రింద, వీథి మంచుతో పూడినను, జనులు ఈ కొననుండి యా కొనకు నడచిపోవచ్చును. దీనిని ‘గంగి’ యందురు. తకాదాలో నివి నేటికిని గలవు. చూరు క్రింది నేల గృహస్థుని సొత్తే. అయినను దానిని దారిగా విడిచిపెట్టుట యచటి ధర్మము. ఏ శాసనము పుట్టకముందే యిరుగుపొరుగువారొకరికొకరు చేసికొన్న యీ యేర్పాటు మన మెంచదగినది.

మంచు కురియుట ఆరంభమైన తరువాత ఇంటికప్పుపై పేరుకొన్నదానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. బిగిసిన మంచు ఘనపు మీటరునకు 300 కిలోగ్రాములు, అంతకు మించియు తూగును. విడిచినచో ఇల్లు కూలును. ఎచిగోవారు దీనిని ఊడ్చుట యనరు, ‘త్రవ్వుట’ యందురు. ఏలయన నది మట్టిపని వంటిదే. బీచ్ చెట్టు కొయ్యతో చేసిన తేలికయైన పార వారి ముఖ్యాయుధము. కప్పుపైనుండి దింపిన మంచు వీథిలో గుట్టపడి కప్పులకంటె ఎత్తగును. అపుడు ఎదురింటికి పోవుటకు ఆ గుట్టలో సొరంగము త్రవ్వుదురు. ఆ సొరంగమున దూరిపోవుటకు వారు పెట్టిన పేరునకు ‘గర్భములోనుండి దూరుట’ యని యర్థము. ఇల్లు పూర్తిగా పూడినపుడు పగలును రాత్రియు నొక్కటే. పట్టపగలు దీపము వెలిగించుకొని, నడియింటి పొయ్యి చుట్టును కూర్చుండి పని చేసికొందురు. బయటికి పోవలెనన్న వంచిన కొయ్యతో చేసిన చట్రములను కాళ్లకు కట్టుకొని, ముందొకడు దారి త్రొక్కుచుండ వెనుకవారు వాని యడుగులలో అడుగు పెట్టి నడువవలెను.

మంచుతుఫానులు మనుష్యులను మ్రింగుటయు నరుదు కాదు. బొకుషి వ్రాసిన యొక వృత్తాంతము చదివినవారు మఱవలేరు. ఒక యువదంపతులు తమ తొలిచూలు బిడ్డను తల్లిగారింట చూపింపవలెనని, ఆకాశము నిర్మలముగ నున్న యొక దినమున బయలుదేఱిరి. దారిలో గాలి తిరిగెను. మంచు కన్నులు కప్పెను. మఱునాడు జనులు వెదకి త్రవ్వగా దంపతులిద్దఱును ప్రాణములు విడిచియుండిరి. తల్లి రొమ్ముననున్న బిడ్డ మాత్రము ఏడ్చుచుండెను. ఇటువంటి సంగతిని వ్రాసినవాడు మంచును చూచి పద్యము చెప్పువారిపై నించుక కోపగించినచో మనము తప్పు పట్టజాలము.

అయినను ఈ సీమకు అన్నము పెట్టినదియు నా మంచే. రామీ యను మొక్కనుండి సన్నని నార తీయుదురు. ఆ నారను గోటితో వెండ్రుకవలె చీల్చి, కొనకు కొన కలిపి పురిపెట్టి నూలు చేయుదురు. పొడిగాలిలో ఈ నూలు పెళుసై పుటుక్కున తెగును. తేమగాలిలో మెత్తనై లొంగును. నాలుగు దిక్కుల మంచు క్రమ్మిన ఇంటిలోని చల్లని తేమయే దానికి తగిన గాలి. అందుచే సేద్యము నిలిచిపోయిన ఆ నెలలలో స్త్రీలు మగ్గమెక్కిరి. మగ్గము కూడ సామాన్యమైనదే: నేసెడి స్త్రీ నేలపై కూర్చుండి, పడుగు నొక పట్టెతో తన నడుమునకే కట్టుకొనును, ఆమె వెనుకకు వాలిన పడుగు బిగియును, ముందునకు వంగిన సడలును. అనగా మగ్గములో నొక భాగము ఆమె శరీరమే. 17వ శతాబ్ది ద్వితీయార్ధమున పేకనూలునకు అధికముగా పురిపెట్టి, నేసినపిదప వేడినీటిలో పిసికి, బట్టపై సన్నని ముడుతలు తెప్పించు విద్య ఓజియా ప్రాంతమున వ్యాపించెను. ఆ ముడుతల బట్టయే ‘చిజిమి’. వేసవిలో నొడలికంటుకొనక చల్లగ నుండుటచే ఎదోలోని ప్రభువులును ధనికులును దానిని కోరి ధరించిరి. మంచులో కూర్చుండి నేసినవారొకరు. వేసవిలో దాని చల్లదన మనుభవించినవారు మఱియొకరు.

ఇచట మన గృహములకు సంబంధించిన ప్రశ్న యొకటి యున్నది. ఆ సీమలో కోడలిని వెదకునపుడు మొదట చిజిమి నేయు నేర్పును, తరువాతనే రూపమును చూచుచుండిరని బొకుషి వ్రాసెను. రూపమునకు బదులు పనితనమును మెచ్చుకొనుట మేలు గదా యని మనకు తోచవచ్చును. కాని యా మెప్పు వెనుక నేమున్నదో చూడుడు. ఆడపిల్లకు చిన్నతనముననే తల్లి నూలు చేతికిచ్చును. సన్నని బట్ట నేయుటకు చూపును వ్రేళ్లును వాడిగ నుండవలెను. 15 ఏండ్లు మొదలు 24 ఏండ్ల వఱకే ఆ శక్తి నిలుచునని వారి లెక్క. ఒక స్త్రీ విలువయంతయు ఆ పదియేండ్లలోని వ్రేళ్ల పదునుపై నాధారపడినది. ప్రభువుల కొఱకు నేయు మేలిబట్టయైనచో ఇంటిలో పొగ తగులని చోటొకటి ప్రత్యేకించి, క్రొత్త చాప పఱచి, స్నానము చేసి, గుడిలోనికి పోయినట్లు మగ్గమువద్దకు పోవలెను. బహిష్టయైన స్త్రీ యా గదిలో అడుగు పెట్టరాదు. పనిని పూజగా భావించుట గొప్పదే. కాని యా పూజలో బలి యెవరన్న ప్రశ్న మిగిలియే యుండును.

దానికి బొకుషియే తెలియక ప్రత్యుత్తర మిచ్చినాడు. ఒక పల్లెలోని కన్యకు మొదటిసారిగా మిక్కిలి సన్నని చిజిమి నేయుమని పని దొరకినది. కూలి యెంత యని యామె విచారింపలేదు. తన పేరు నిలిచిన చాలునని నూలు పురిపెట్టుట మొదలు కడవఱకు ఇతరుల చేయి తగులనీయక తానే చేసెను. నేత ముగిసెను, బట్టను చలువకు పంపిరి. చలువనుండి తిరిగి వచ్చినదని విని చేతిలోని పనిని విడిచి పరుగున వచ్చి విప్పి చూడగా, ఎట్లు తగిలెనో, నాణెమంత పొగచాఱ మచ్చ యొకటి కనబడెను. ఆమె బట్టను ముఖమున కదుముకొని యేడ్చెను. ఆ యేడుపుతోనే మతి తప్పెను. తల్లిదండ్రులు వగచిరి, చూచినవారు కన్నీరు పెట్టిరి.

బొకుషి యీ సంగతిని జాలితో వ్రాసెను, నిజము. కాని యతడు చిజిమి వర్తకుడు. మచ్చపడిన బట్టకు వెల తగ్గించువారు అతని వంటి వర్తకులే. నాణెమంత మచ్చ ఒక పిల్ల మతిని హరించెనన్నచో, ఆ మచ్చకు అంత బలము నిచ్చిన దెవరు? మగ్గమున నేర్పు చూపలేనిచో మంచి సంబంధము దొరకదన్న లోకము. బట్టను మెచ్చి మనిషిని మెచ్చని బజారు. అతడా మాట అనలేదు. దానిని దాచనులేదు. సత్యవంతుడైన లేఖకుడు తనకు వ్యతిరేకముగా సాక్ష్యమీయగల సంగతిని గూడ వ్రాసి పోవుననుటకు ఇది యుదాహరణము.

చలికాలము తుదకు వచ్చుసరికి ఎండ కాయుట మొదలగును. మంచు పైపొర గట్టిపడి యెక్కడ బడిన అక్కడ నడువ వీలగును. అపుడు చలువపని. తెల్లని బట్టలను రాత్రి బూడిదనీటిలో నానబెట్టి, ప్రొద్దున పలుమాఱులుతికి, మెఱయుచున్న మంచుబయళ్లమీద పఱతురు. పై నెండయు క్రింద కరగి యావిరియగు మంచును గలిసి కొన్ని దినములలో నూలులోని పసుపుఛాయను హరించును. మందులు లేవు, యంత్రములు లేవు. వసంతము రాగానే హోరినోఉచి, ఓజియా, తోకామాచి యూళ్లలో చిజిమి సంతలు జరుగును. దూరపు వర్తకులు వత్తురు. చీకటియిండ్లలో ఆఱునెలలు వంగియున్న వీపుల ఫలమొక్క దినమున చేతులు మారును.

పిదప సేద్యము. పంచాంగముకంటె కొండను నమ్ముట యా సీమవారి యాచారము. కరగుచున్న మంచు కొండచఱియలపై నేల నలుపును మంచు తెలుపును గలిసిన యాకారములు తీర్చును. మ్యోకో కొండలలో నెగురు గుఱ్ఱపు ఆకార మగపడినచో పొలము పనికి వేళయైనదని గ్రహింతురు. నెలలపాటు శత్రువైయున్న మంచు ఇప్పుడు కాలువలలో దిగివచ్చి మడులను నింపును. కొండచఱియలలోని మెట్టు మెట్టు వరిమడులకు వేసవి పొడవునను నీరిచ్చున దదియే. నేడు జపానంతట పేరెన్నికగన్న ‘కొషిహికరి’ బియ్యమునకు ఈ ఊఒనుమా ప్రాంతము ప్రసిద్ధి. ఆ వంగడమునకు మూలమైన సంకరము 1944లో నీగాతాలో జరిగి, 1956లో దానికి పేరు పెట్టబడినది.

వేసవిలో పట్టుపురుగుల పెంపకము, శరత్తులో కోత. ఈ నెలలలోనే గ్రామములకు ‘గొజె’ లనబడు అంధగాయనులు వచ్చుచుండిరి. చూపులేని యాడపిల్లను చిన్నతనముననే గురువమ్మ కప్పగించుట యా సీమ యాచారము; షామిసెన్ అను మూడుతీగల వాద్యము నేర్చి, ముగ్గురు నలుగురు ఒకరి మూట నొకరు పట్టుకొని వరుసగా నడచుచు ఊరూర కథాగేయములు పాడుదురు. వారి పాట విన్న పట్టుపురుగులు చక్కగ పెరుగునని రైతుల నమ్మకము. వారి కొక సంఘమును, కఠినమైన కట్టుబాట్లును గలవు. వివాహము నిషిద్ధము, తప్పినవారిని వెలివేయుచుండిరి. బిచ్చమునకు దిగక స్వశక్తితో బ్రతుకు మార్గమొకటి యా సంఘము వారికి చూపినది. అందులకు మూల్యముగా గృహిణీత్వమును కోరినది. వారిలో కడపటివారిలో నొకరైన కొబయాషి హరు 1900లో జన్మించి, శైశవముననే చూపు పోగొట్టుకొని, ఎనుబదియేండ్లకు పైగా జ్ఞాపకముననే పాటలను భద్రపఱచి 2005లో నూటయైదవ యేట కన్నుమూసెను.

పంట తప్పిన యేడు ఏమి జరుగునో బొకుషికి తెలియును. 1828 శరత్తులో నతడు అకియామా యను కొండలోయకు పోయెను. అచట వరి లేదు. అడవిని కాల్చి చిఱుధాన్యములు విత్తుదురు, అడవికాయల చేదు తీసి పిండి చేసికొందురు. 1783 క్షామమున ఆ లోయలోని ఎనిమిదిండ్ల పల్లె యొకటి సంపూర్ణముగ నశించినదని యతడు తెలిసికొనెను. అమజకె యను రెండిండ్ల పల్లెలో ఒక స్త్రీతో మాటలాడి వచ్చెను. 1830 దశకమున మరల క్షామము వచ్చినపుడు ఆ రెండిండ్లును మిగులలేదు. అతడు వ్రాసి యుండనిచో ఆ స్త్రీ యీ భూమిపై బ్రతికినదన్న సంగతియే మనకు తెలియదు.

1931లో షిమిజు సొరంగము తెరువబడి రైలుబండి పర్వతము దాటెను. నవలాకారుడు కవబాత యసునారి యుజావాలో బసచేసి వ్రాసిన ‘యుకిగుని’ నవలలో బొకుషి గ్రంథమునుండి చిజిమి ప్రస్తావన గలదు. 1961లో నాగఓకా పట్టణమున వీథినడుమ గొట్టములమర్చి, వెచ్చని భూగర్భజలమును చిమ్మి మంచు కరగించు పద్ధతి మొదలయ్యెను. వీథులు తెరపియయ్యెను, కాని నీరు అధికముగ తోడుటచే కొన్ని చోట్ల నేల క్రుంగెను. 1982లో అతివేగపు రైలుమార్గము వచ్చెను. ఆ దారినే యువకులు రాజధానికి పోయిరి. ఇప్పుడు పల్లెలలో కప్పులెక్కి మంచు త్రవ్వువారిలో వృద్ధులే ఎక్కువ. జారిపడి మరణించువారును వారే. మంచు త్రవ్వు చేతులు తగ్గినవి.

చిజిమి మాత్రము చావలేదు. 1955లో జపాను ప్రభుత్వము దానిని రక్షింపదగిన విద్యగా ప్రకటించెను. 2009లో యునెస్కో తన పట్టికలో చేర్చెను. నేటికిని చలి తుదను షియొజావా బయళ్లలో తెల్లని మంచుపై బట్టలు పఱచుదురు. కాని నేయువారు కొద్దిమంది. ప్రపంచము ఆ బట్టను మెచ్చుచున్న వేళకు ఆ మగ్గమునకు నడుము కట్టుకొను స్త్రీలు అరుదైరి. ఇందులకు మనము కేవలము విచారింపవలెనా? చీకటిగదిలో చూపు పోగొట్టుకొనుటకు ఒక పిల్ల సమ్మతింపకుండుట లోకమునకు నష్టమని నే నననేరను. పెండ్లిబజారు భయమున గాక తన యిష్టముచే నేర్చినవారు, తగిన కూలి పొందుచు, మచ్చపడినను మతి చెడకుండ నేయగలిగిననాడే యా విద్య నిజముగ బ్రతికినట్లు.

మన పెట్టెలో నొక మేలిబట్ట యుండును. పండుగనాడు దానిని విప్పి నునుపును మెచ్చుకొందుము. దాని నేసిన చేయి యెవరిదో, ఏ వెలుతురున నేసెనో, ఆ చేతికి ముట్టినదెంతయో నడుగుట మనకలవాటు లేదు. ఎచిగోలోని ఆ కన్య పేరు బొకుషి వ్రాయలేదు. ఆమె బట్టపైని మచ్చ మాత్రము దాదాపు రెండువందల యేండ్లుగా చెఱగక నిలిచియున్నది. అది చలువకు పోవు మచ్చ కాదు. మన గృహములలో పనికిని, పని చేయువారికిని సమానగౌరవము కలిగిన దినమున గాని యది పోదు.